పది అంటే పద్దెనిమిది

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ను చూసి నవ్వేవాళ్లు ముందు అక్కడి ఎక్కాలు నేర్చుకోవాలి. కాన్ఫరెన్సు అంటే తమలో తాము లీగు ఆడుకునే యూనివర్సిటీల కూటమి. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సులో 2024 నుంచి 18 యూనివర్సిటీలున్నాయి. బిగ్ ట్వెల్వ్‌లో 16. పది అడిగితే ఎనిమిది కొసరేసే ఉదారత మన రైతుబజారులో ఎక్కడైనా కనిపించిందా? పదకొండో యూనివర్సిటీ చేరినప్పుడు బిగ్ టెన్ కాస్త మొహమాటపడి లోగోలో 11 అంకెను దాచిపెట్టింది. ఆ తర్వాత ఆ మొహమాటం కూడా అనవసరమని తేలింది.

భూగోళంలో వాళ్ల ప్రతిభ ఇంకా గొప్పది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఇప్పుడు స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఉన్నాయి. రెండూ పసిఫిక్ వైపువి. డాలస్ నుంచి ఒకటి వచ్చి చేరింది, దానికి ఏ సముద్రమూ లేదు. టీవీ డబ్బు అలా పొంగితే తీరం ఎక్కడికైనా జరుగుతుంది. పాపం, అసలైన పసిఫిక్ కాన్ఫరెన్సు పాక్ ట్వెల్వ్‌లో 2024కి మిగిలింది రెండే. మిగతా పదీ ఇదుగో, పై కొసర్లలో కలిసిపోయాయి.

ఇన్ని యూనివర్సిటీలు శీతాకాలమంతా ఊళ్లు తిరిగి ఆడతాయి. మార్చిలో కాన్ఫరెన్సు టోర్నమెంటు పెడతారు. అందులో గెలిచినవాళ్లకి 68 జట్ల జాతీయ పోటీకి నేరుగా టికెట్. మరి లీగులో మొదటి స్థానం ఎందుకంటే, మంచి సీడ్ కోసం, అంటే టోర్నమెంటులో మెరుగైన వరస సంఖ్య కోసం. ఏడాదంతా చదివినవాడికి హాల్లో ఫ్యాను కింద సీటిచ్చి, ర్యాంకు మాత్రం సప్లీలో తేలుస్తామన్నట్టు.

ఈ సప్లీ విలువ తెలిసిన జట్టు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులోని నార్త్ కరోలినా స్టేట్. 2024లో లీగు ఆఖరి నాలుగు మ్యాచ్‌లూ ఓడి, పదో సీడ్‌గా టోర్నమెంటుకు వాషింగ్టన్ వచ్చింది. టైటిల్ గెలవాలంటే అయిదు రోజుల్లో అయిదు గెలవాలి. గెలిచింది! డ్యూక్‌ను ఇంటికి పంపింది. సెమీస్‌లో వర్జీనియా మీద మూడు పాయింట్లు వెనకబడి, టైము అయిపోతుండగా మైకేల్ ఓకానెల్ విసిరిన మూడు పాయింట్ల బంతి బోర్డుకు తగిలి బుట్టలో పడి, స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో మిగతా పని పూర్తిచేశారు. ఫైనల్లో లీగు టాపర్ నార్త్ కరోలినాను (పేరు దగ్గరే గానీ ఇది వేరే యూనివర్సిటీ) 84-76తో ఓడించి, 1987 తర్వాత మళ్లీ టైటిల్ పట్టుకెళ్లారు. నాకు నిద్ర చెడింది గానీ, ఆ రాత్రుల గురించి వ్యంగ్యం రాయడానికి చెయ్యి రావడం లేదు.

మరుసటి ఏడాదికి ఈ అట్లాంటిక్ కాన్ఫరెన్సులోనూ జట్లు 18 అయ్యాయి. టోర్నమెంటులో చోటు మాత్రం పదిహేనింటికే. ఇంత కొసరేసేవాళ్లకు ఆ మూడు దగ్గరే చెయ్యి బిగుసుకుంది. గేటు బయట మిగిలిన ముగ్గురిలో ఒకరు నార్త్ కరోలినా స్టేట్ వారు. అవును, నిరుటి చాంపియన్లే.

టైటిల్ గెలిచినందుకు కోచ్ కెవిన్ కీట్స్ కాంట్రాక్టు రెండేళ్లు పెరిగింది. 2025 మార్చిలో ఆయన్ను తీసేశారు. రెండేళ్లు అంటే ఏడాది ఎలా అవుతుందని కంగారు పడకండి, బిగ్ టెన్ వాళ్లనడిగితే లెక్క సరిచేసి చూపిస్తారు.