ఘడియకి ఒక్క నిమిషం ఎక్కువ

మనిషికి రోజుకి 24 గంటలే ఉన్నాయట. ఈ సంగతి ఫోనులో ఓ కుర్రాడు గంటంపావు సేపు విడమరిచి చెప్పాడు, అరుగు మీద కూర్చుని మొత్తం చూశాను, అంచేత ఆ రోజుకి నాకు ఇరవై రెండు ముప్పావే మిగిలింది.

కుర్రాడు చెప్పిన చిట్కా పేరు పొమొడోరో. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి, పుస్తకం మీద బుద్ధి నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమరు తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. పొమొడోరో అంటే వాళ్ళ భాషలో టమాటాయే. మన ఘడియ 24 నిమిషాలు! తాతలనాటి సొత్తుకి ఒక్క నిమిషం కలిపి పేరు కొట్టేశాడు, మనమేమో ఆ ఘడియల్ని వర్జ్యం చూసుకోడానికే వాడుకున్నాం.

సరే, పెరటి దడి కట్టే పని ఈ పద్ధతిలో పెట్టాను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. పదిన్నర నుంచి పన్నెండు యమగండం. పన్నెండు దాటగానే దుర్ముహూర్తం, ఆపైన భోజనం, కునుకు. మధ్యలో దొరికిన గంటన్నరా టిఫినుకీ పేపరుకీ సరిపోయింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కల్లా ముగించాడంటే నాకొకటే అనుమానం, ఆయన పంచాంగం చూసి ఉండడు. మా దడికిది నాలుగో సంక్రాంతి.

అలాగని నన్ను బద్ధకస్తుడనుకోకండి. వరదకి గోదారి ఎర్రబడిన ఆ కాసిని వారాల్లో యానాంలో పులస పడిందని కబురొస్తే తెల్లవారకుండానే బండి తీస్తాను. అప్పుడు రాహువూ అడ్డం రాడు, టమాటా కూడా అక్కర్లేదు. పని మీద మనసు నిలవడం లేదని ఎవరన్నా అంటే, ఏ పని మీద అని అడగాలి ముందు.

మొన్న నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాల్సి వచ్చింది. చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగితే టైము దండగని లెక్కేసి, గోదారి దాటించే పంటు ఎక్కుదామని రేవుకి వెళ్ళాను. పంటు అవతలి ఒడ్డున ఉంది. ఖాళీగా ఎందుకని టైమరు పెట్టాను. 25 నిమిషాలకి అది కుయ్యోమని మోగేసరికి పక్కన కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"ఏంటండీ బాబూ అది?"

"పని టైమైపోయిందని చెబుతోందండి."

"ఏం పని చేశారండీ?"

"పంటు కోసం చూశానండి."

"ఆయ్, నేనూ అదే చేశానండి. నాకు మోగలేదు."

తర్వాత 5 నిమిషాలూ ఇద్దరం కలిసి విరామం తీసుకున్నాం. పంటు ఇంకా అవతలే ఉంది.