డ్రిల్ పీరియడ్ తీసేయమంటున్న మెసేజ్‌కి ఒక పీఈటీ జవాబు

వారం రోజులుగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా ఊళ్లోనే ముగ్గురు నాకు పంపి "ఏమంటారు సార్?" అన్నారు. అందులో ఉన్నది ఇదీ: ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే పునాది పడే వయసు, కాబట్టి ఆటల పీరియడ్లు తీసేసి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు పెట్టించండి. ఆటలు ఆటగాళ్లయ్యేవాళ్లకే, మిగతా పిల్లలకు ఇంటా బయటా తిరగడమే వ్యాయామం. పైగా ఎదిగే వయసులో దండీలు, బస్కీలు తీయిస్తే ఎత్తు ఆగిపోతుంది. సరిగ్గా ఆ తరగతులకే పదిహేనేళ్లుగా డ్రిల్ చెబుతున్నవాణ్ని, జవాబు నేనే చెప్పాలి.

ముందు మార్కుల సంగతి. ఆటకిచ్చిన గంట చదువుకు గండి అన్నది వినడానికి నిజంలాగే ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010లో ఇదే విషయం మీద 50 అధ్యయనాలను ముందేసుకుని చూసింది. వాటిలో తేలిన ఫలితాల్లో సగానికి పైగా ఆటలూ వ్యాయామమూ చదువుకు మేలు చేసినట్టు చూపించాయి. మిగతావాటిలో దాదాపు అన్నీ ఏ తేడా లేదన్నాయి. నష్టం చూపినవి నూటికి రెండు కూడా లేవు. ఆడితే ఫస్ట్ ర్యాంక్ వస్తుందని నేననను. ఆడితే ర్యాంకు పోతుందనడానికి మాత్రం ఆధారం లేదు.

"ఆటలు ఆటగాళ్లకే" అన్న దగ్గర కాస్త ఆగాలి, ఇందులో మా తప్పూ ఉంది. ఏడో తరగతి, నలభై మంది పిల్లలు, ఒక్క వాలీబాల్. బాగా ఆడే పన్నెండు మంది ఆడుతుంటారు, మిగతా ఇరవై ఎనిమిది మంది వేపచెట్టు కింద కబుర్లు. 45 నిమిషాల పీరియడ్‌లో లైన్లో గ్రౌండుకు రావడానికి, హాజరుకే పది పోతాయి. నేనూ చాలా ఏళ్లు అలాగే నడిపాను. గేటు దగ్గర నిలబడి అది చూసిన తండ్రికి దండగ అనిపించిందంటే ఆయన్నేం అంటాం?

ఇప్పుడు నాలుగు జట్లు చేస్తున్నాను. ఒక జట్టుకు బంతి, ఒకరికి స్కిప్పింగ్ తాళ్లు, ఒకరికి ఖోఖో, ఇంకొకరికి సుద్దతో గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు. ఎనిమిది నిమిషాలకోసారి విజిల్ వేస్తే మారిపోతారు. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో 600 మీటర్ల పరుగు ఉంటుంది. జూన్‌లో ఒకమ్మాయి అందులో సగం నడిచి, డొక్క పట్టుకుని కూర్చుండిపోయింది. ఎవరి టైము వాళ్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి, పక్కవాళ్లది అడగొద్దు అన్నాను. దసరా సెలవులయ్యాక ఆగకుండా పూర్తి చేసింది. తను ఏ టీముకూ సెలెక్ట్ కాదు, నాకూ తెలుసు, తనకూ తెలుసు. అయినా నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్ రూమ్ దాకా వచ్చి చూపించింది. ఈ పీరియడ్ అసలు ఇలాంటి పిల్లలకే. ఆటొచ్చినవాడు నేను లేకున్నా ఆడుకుంటాడు.

ఇంటా బయటా తిరగడం చాలంటారా? 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుమ్మం ముందు ఆటో ఎక్కి, సాయంత్రం ట్యూషన్‌లో దిగే పిల్లవాడికి ఆ అరవై ఎక్కడ దొరుకుతాయో మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

ఇక ఎత్తు. సరైన పద్ధతిలో, పెద్దవాళ్లు దగ్గరుండి చేయించే బలం పెంచే వ్యాయామం ఎదుగుదలను ఆపదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎప్పుడో చెప్పింది. ఎత్తును నిర్ణయించేది ముఖ్యంగా వంశం, తిండి. ఎముకలు గట్టిపడేది కూడా ఈ వయసులోనే, గెంతడం, పరుగెత్తడం వాటికి మేలే చేస్తాయి. జిమ్‌కెళ్లి పెద్దవాళ్ల బరువులు ఎత్తమని నేను ఏ పిల్లవాడికీ చెప్పను. సొంత ఒంటి బరువుతో తీసే పది బస్కీలు వేరు. హోంవర్క్ చేయలేదని చెవులు పట్టించి తీయించే వంద గుంజీలు వేరు, అది శిక్ష. వ్యాయామమంటే పిల్లలకు ఏవగింపు పుట్టించింది చాలావరకు అదే.

ఆడపిల్లల ఊసు మెసేజ్‌లో లేదు గానీ, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి "డ్రిల్‌కి పంపొద్దు" అన్న చీటీలు ఎక్కువగా వాళ్లకే వస్తాయి. నెలసరి రోజుల్లో ఓపికుంటే ఆడొచ్చు, ప్రమాదమేమీ లేదు. అసలు ఇబ్బంది నీళ్లు రాని బాత్రూముతోనూ, పరుగెడితే జారే చున్నీతోనూ. వాటి గురించి ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదెందుకో.

ఆటస్థలం, ఆట సామాను, వందకు మించి పిల్లలుంటే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వ్యాయామ విద్య బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. రేపు మూడో పీరియడ్ ఏడో తరగతి బి సెక్షన్‌కు డ్రిల్. సిలబస్ మిగిలిపోయింది, ఇవ్వమని లెక్కల సారు పొద్దున్నే అడిగారు. ఇవ్వనన్నాను.