సవరణ: రాగి బోర్డుపై ఇంక్‌జెట్ ముద్రణ

ఇంక్‌జెట్ ప్రింటర్‌ను మార్చి ఇంట్లోనే సర్క్యూట్ బోర్డు చేసుకోవడంపై గత టపాలో "ఏ సిరా అయినా సరిపోతుంది" అని ఉంది. దాన్ని "పిగ్మెంట్ సిరాయే (కరగని రంగు రేణువులున్న సిరా) వాడాలి" అని చదవండి. రాగి బోర్డుపై సిరాతో గీసిన గీతలే కింది రాగిని కాపాడాలి, మిగతా రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం కరిగించేస్తుంది. మామూలు డై సిరా నీటిలో కరుగుతుంది. ఆ ద్రావణమూ నీళ్లతో కలిపిందే కదా, గీతలు నిలవవు. రెసిన్ ఉన్న పిగ్మెంట్ సిరానైనా వేడిచేసి గట్టిపరచాకే ద్రావణంలో ముంచాలి. ఎప్సన్ ప్రింటర్ల హెడ్ (సిరా చిమ్మే భాగం) సిరాను మరిగించదు, పీజో స్ఫటికంతో (కరెంటు ఇస్తే వంగే స్ఫటికం) నెడుతుంది. అందుకే ఈ పనికి ఆ ప్రింటర్లకు అంత గిరాకీ. 1.6 మి.మీ. బోర్డు దూరేలా హెడ్‌ను పైకెత్తాలన్న మాటలో మార్పు లేదు.

మరొకటి: "అద్దంలో బొమ్మలా తిప్పనక్కరలేదు" అన్నది బోర్డు పైవైపు రాగి పొరకే వర్తిస్తుంది. కింది వైపు పొర డిజైన్‌లో పైనుంచి చూసినట్టు ఉంటుంది కాబట్టి, దాన్ని నేరుగా రాగిపై ముద్రిస్తే తిప్పాల్సిందే. టోనర్ బదిలీలో (లేజర్ ప్రింటర్‌తో కాగితంపై ముద్రించి, వేడితో రాగిపైకి దించే పద్ధతి) ఇది సరిగ్గా తారుమారు.