సార్వకాలిక అత్యుత్తమ జట్టు గారికి

మహారాజశ్రీ సార్వకాలిక అత్యుత్తమ భారత హాకీ జట్టు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారని నాకు తెలుసు. ఒక తరం వారికి ఇంకొక తరం వారిని తక్కువ చేయాలనిపించినప్పుడల్లా మొదట కబురు వెళ్లేది తమకే కనుక, తమ ఆయురారోగ్యాలకు వచ్చిన లోటేమీ లేదు. నా క్షేమం సంగతికి వస్తే, నిన్న మధ్యాహ్నం మూడు గంటల సేపు తమరు మా ఇంట్లో మకాం వేసి వెళ్లిన తర్వాత అది అంతంతమాత్రంగానే ఉంది.

మేము ముగ్గురం కూర్చున్నది తమ దర్శనం కోసం కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు బ్రిటన్‌తో ఆడిన క్వార్టర్ ఫైనల్‌ను మొదటి నిమిషం నుంచి చివరి దాకా, మధ్యలో లేవకుండా, ఇంకొకసారి చూడాలన్నది నెల రోజులుగా వాయిదా పడుతూ వచ్చిన ముచ్చట. పెదనాన్నగారు కుర్చీలో, బాబాయి కొడుకు నేల మీద, నేను గోడకు ఆనుకుని. పదిహేడో నిమిషంలో మన డిఫెండర్‌కు రెడ్ కార్డు వచ్చింది. ఇక నలభై నిమిషాలకు పైగా పదిమందితోనే నెట్టుకురావాలి. సరిగ్గా ఆ ఘట్టంలో పెదనాన్నగారు, "ధ్యాన్‌చంద్ ఉంటే పదిమంది దేనికిరా, ఆరుగురు చాలు" అన్నారు. "ఆయన్ని ఈ టర్ఫ్ మీద పది నిమిషాలు పరుగెత్తి చూపించమనండి, పెదనాన్నా" అన్నాడు మా తమ్ముడు. అంతే, అన్ని కాలాల నుంచీ పదకొండుగురిని ఏరి రాయడానికి ఒక కాగితమూ కలమూ వచ్చాయి, తమరు వేంచేశారు. మేము మళ్లీ తల ఎత్తేసరికి షూటౌట్ కూడా ముగిసింది. 4-2తో గెలిచిన మనవాళ్లు సంబరంలో ఉన్నారు. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఏ బంతిని ఎట్లా ఆపాడో మాలో ఒక్కరూ చూడలేదు. మైదానంలో ఉన్న పదిమందిని వదిలేసి, లేని పదకొండుగురి కోసం ఒక మధ్యాహ్నాన్ని తగలబెట్టుకున్నాము.

కనుక ఈ లేఖ. కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. తమ పనితీరును అర్థం చేసుకోవాలన్న జిజ్ఞాసతో మాత్రమే రాస్తున్నాను.

ముందుగా తమ కొలువులో సాక్ష్యం చెల్లే పద్ధతిని గురించి. ధ్యాన్‌చంద్ చివరిసారి ఒలింపిక్స్ ఆడింది 1936లో. పెదనాన్నగారు అప్పటికి పుట్టలేదు. ఆయన తండ్రిగారు పుట్టారు గాని, ఆయన బెర్లిన్ వెళ్లిన దాఖలా మా కుటుంబ చరిత్రలో లేదు. అయినా నిన్న సాయంత్రం దాకా మా ఇంట్లో ధ్యాన్‌చంద్ డ్రిబ్లింగ్ గురించి కళ్లారా చూసినట్టు వాంగ్మూలం ఇచ్చింది ఆయనే. స్టిక్‌లో అయస్కాంతం దాచాడేమోనని విరగ్గొట్టి చూశారన్న కథను ఆయన చెప్పారు. ఆ కథను నేను చిన్నప్పటి నుంచి నాలుగు రకాలుగా విన్నాను, నాలుగూ నాకు ఇష్టమే. కానీ తమ దగ్గర కథకు కథ విలువ కాక, సాక్ష్యం విలువ కడుతున్నారు. అదే సమయంలో హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక పాస్ తప్పితే, ఆ తప్పును నాలుగు వైపుల నుంచి, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపించే యంత్రం మా గోడకే తగిలించి ఉంది. ఒకరిని వినికిడి మీద, ఇంకొకరిని భూతద్దం కింద పెట్టి, ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచగలిగిన తమ నేర్పుకు నమస్కారం.

ఇక అంకెలు. తమకు గోల్స్ అంటే మహా ప్రీతి. 1932 లాస్ ఏంజెలెస్‌లో మనవాళ్లు అమెరికాను 24-1తో ఓడించారనీ, అందులో రూప్‌సింగ్ పది, అన్నగారు ధ్యాన్‌చంద్ ఎనిమిది కొట్టారనీ తమరు ప్రతిసారీ గుర్తుచేస్తారు. నిజమే. ఆ ఒలింపిక్స్ హాకీకి వచ్చిన జట్లు మూడేననీ, మన చేతిలోనూ జపాన్ చేతిలోనూ ఓడిన అమెరికా ఒక్క ఆటా గెలవకుండానే కాంస్యం మెడలో వేసుకుని ఇంటికి వెళ్లిందనీ మాత్రం తమరికి జ్ఞాపకం రాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ధ్యాన్‌చంద్ అయిదు ఆటలలో 14 గోల్స్ కొట్టాడు, మన జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏడూ, ఆ తర్వాతి రెండు ఒలింపిక్స్‌లోనూ బ్రిటన్ హాకీ జట్టు బరిలోకే రాలేదు. ఇదంతా చెప్పి మా తమ్ముడు నిన్న విజయగర్వంతో చూశాడు. వాడికీ తమరు న్యాయం చేయలేదు. ఎందుకంటే 1948లో అదే బ్రిటన్ సొంత గడ్డ మీద ఫైనల్‌కు వస్తే మనవాళ్లు 4-0తో గెలిచిన సంగతిని వాడి వైపు కాగితంలో తమరు రాయనివ్వలేదు. 1936లో టోర్నీకి ముందు ఆడిన సన్నాహక ఆటలో జర్మనీ చేతిలో మనం 4-1తో ఓడిన సంగతిని పెదనాన్నగారి వైపు కాగితంలో రాయనివ్వలేదు. ఓడినవాళ్లే కొన్ని వారాల తర్వాత ఫైనల్‌లో అదే జర్మనీని 8-1తో గెలిచారంటే, నడుమ వాళ్లు ఏమి మార్చుకున్నారు, ఎంత కంగారుపడ్డారు, దారా అనే ఆటగాడిని స్వదేశం నుంచి హడావిడిగా ఎందుకు పిలిపించుకున్నారు అన్నది ఎంత చక్కని సంగతి! తమ పట్టికలో దానికి గడి లేదు. తమకు కావలసింది 8 అన్న అంకె ఒక్కటే.

చిన్న చిన్న ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, త్వరగా ముగిస్తాను. తమరు "బల్బీర్‌సింగ్" అని రాసి ఊరుకుంటారు. 1968 మెక్సికో జట్టు ఒక్కదానిలోనే ముగ్గురు బల్బీర్‌సింగ్‌లు ఉన్నారు, ఎవరో దయచేసి సెలవివ్వండి. తమరి పదకొండులో ఎప్పుడు చూసినా ఆరుగురు ఫార్వర్డ్‌లే. వారికి బంతి ఎవరు అందిస్తారో ఆ దేవుడికే తెలియాలి. ధన్‌రాజ్ పిళ్లై నాలుగు ఒలింపిక్స్ ఆడాడు, పతకం ఒక్కటీ రాలేదు కనుక ఆయన ఎప్పుడూ తమ బెంచీ మీదే కూర్చుంటాడు. ఇక ఆడవాళ్లు హాకీ ఆడతారన్న సంగతి తమ చెవిన పడినట్టే లేదు. టోక్యోలో నాలుగో స్థానం దాకా జట్టును నడిపించిన రాణి రాంపాల్ పేరు నిన్న నేను ఎత్తితే "అది వేరే జాబితా" అన్నారు. ఆ వేరే జాబితాను ఈ దేశంలో ఇప్పటిదాకా ఎవరైనా రాశారా అని అడిగితే టీ చల్లారిపోతోందన్నారు.

నేను మరువలేనిది మాత్రం వేరు. "ధ్యాన్‌చంద్ ఇప్పుడు ఉంటే" అనే తమ అభిమాన ప్రశ్న.

ఈ ప్రశ్నను తమరు ఎప్పుడూ ఒక వైపు నుంచే అడుగుతారు. సరే, ఆయనను ఇప్పటికి తీసుకువద్దాం. నీళ్లు చల్లిన నీలిరంగు టర్ఫ్ మీద, కార్బన్ ఫైబర్ స్టిక్ చేతికి ఇచ్చి, ఆఫ్‌సైడ్ నిబంధన 1990లలోనే ఎత్తేశారు కనుక గోల్ ముందు ఎక్కడైనా నిలబడవచ్చని చెప్పి ఆయనను వదులుదాం. ఆరేడు నిమిషాలు గడిచేసరికి కోచ్ చెయ్యి ఊపుతాడు. రెండు ఆటల మధ్య కూడా విశ్రాంతి ఎరగని ఆ సిపాయి, తనను ఏ తప్పుకు బయటికి పిలిచారో తెలియక, మెడలో తువ్వాలు వేసిన కుర్రవాడి పక్కన బెంచీ మీద కూర్చుని, "నేనేం చేశాను బాబూ?" అని అడుగుతాడు. "ఏం చేయలేదు సార్, ఇప్పుడంతా ఇలాగే, మూడు నిమిషాల్లో మళ్లీ పంపిస్తారు" అని ఆ కుర్రవాడు నీళ్ల సీసా అందిస్తాడు. ఈ ధ్యాన్‌చంద్ గోల్స్ కొడతాడా? కొడతాడనే నా నమ్మకం. కానీ ఆయన కొట్టే గోల్, మనం పటం కట్టి గోడకు తగిలించుకున్న గోల్ కాదు.

ఇప్పుడు అటునుంచి. హర్మన్‌ప్రీత్‌ను ఓడ ఎక్కించి, వారాల తరబడి సముద్రం మీద తిప్పి, ఎగుడుదిగుడు గడ్డి మైదానంలో దింపి, పొడుగాటి వంపు ఉన్న చెక్క స్టిక్ ఇచ్చి, "ఏదీ నాయనా, నీ డ్రాగ్ ఫ్లిక్" అని అడుగుదాం. బంతిని స్టిక్‌తో ఈడ్చుకొచ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ అన్నది బంతి నున్నగా జారే టర్ఫ్‌కు పుట్టిన విద్య. పెనాల్టీ కార్నర్‌లో మొదటి దెబ్బగా కొట్టిన హిట్ గోల్ అడుగున ఉండే పద్దెనిమిది అంగుళాల పలకకు మించి లేవకూడదనీ, ఫ్లిక్‌కు మాత్రం ఆ హద్దు లేదనీ నిబంధన ఉండబట్టి పెరిగిన విద్య. ఆ గడ్డి మీద బంతి ఏ గుంటలో పడి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అయితే ఆ కుర్రవాడు ఆ గడ్డి మీదే పుట్టి పెరిగి ఉంటే ఏమి నేర్చుకునేవాడో చెప్పగలవారెవరు? పారిస్‌లో ఎనిమిది ఆటలలో పది గోల్స్ కొట్టి అందరికంటే ముందు నిలిచినవాడికి, ఆ పట్టుదలకు, ఇంకొక విద్య దొరికేది కాదా? ఈ ప్రశ్నను మాత్రం తమరు ఎన్నడూ అడగరు.

అంతదూరం ఎందుకు, రెండు తరాలను పోల్చే ముందు ఒక్క మనిషిని పోల్చి చూపించండి. 1975లో కౌలాలంపూర్‌లో మనం ప్రపంచకప్ గెలిచాము. పాకిస్తాన్ మీద 2-1తో నెగ్గిన ఆ ఫైనల్‌లో గెలుపు గోల్ అశోక్ కుమార్‌ది, అంటే ధ్యాన్‌చంద్ కొడుకుది. మరుసటి ఏడే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా కృత్రిమ టర్ఫ్ పరిచారు. అదే అశోక్ కుమార్ ఆ జట్టులోనూ ఉన్నాడు. మనకు ఏడో స్థానం వచ్చింది. పదహారు నెలల్లో ఆ మనిషి ఆట మరచిపోయాడా? కాళ్ల కింద నేల మారింది. నేల మారితే ఒకే మనిషి తనకు తానే సాటి రాకపోయిన చోట, తొంభై ఏళ్ల ఎడంలో ఉన్న ఇద్దరికి తమరు మధ్యాహ్నం టీ లోపల తీర్పు చెప్పేస్తారు!

సెలవిస్తే ఇక్కడ కొంచెం గొంతు పెంచుతాను. జట్టుగారూ, ఇదంతా నాకు పట్టేది కాదు, నువ్వు ఆ ఒక్క రోజు నోరు మూసుకుని ఉంటే. 2021 ఆగస్టు 5న టోక్యోలో మనవాళ్లు జర్మనీని 5-4తో గెలిచి నలభై ఒక్క ఏళ్ల తర్వాత పతకం తెచ్చారు. చివరి క్షణాల్లో జర్మనీకి పెనాల్టీ కార్నర్ వస్తే శ్రీజేష్ అడ్డంగా నిలబడ్డాడు. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గు లేదు, 2008లో మన జట్టు ఒలింపిక్స్‌కు అర్హతే సాధించలేదు, 2012లో పన్నెండు జట్లలో పన్నెండోది అయింది, ఆ రెండు ఏళ్లూ చూసినవాడిని కనుక ఏడ్చాను. ఆ కన్నీళ్లు ఆరకముందే తలుపు తోసుకుని వచ్చావు. "కంచేగా, మనవి ఎనిమిది స్వర్ణాలు" అన్నావు. ఎవరివి ఆ ఎనిమిది? నీవా? నువ్వు ఏనాడైనా స్టిక్ పట్టావా? చివరి స్వర్ణం 1980ది, ఆ మాస్కోకు సగం ప్రపంచం రానే లేదు; అయినా దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే వాళ్ల మీదికీ వస్తాను. పోయినవాళ్ల పతకాలను తెచ్చి బతికి ఉన్నవాళ్ల మెడలోని పతకం మీద పెట్టి తూచడం తప్ప నీకు వచ్చిన పని ఇంకేదైనా ఉందా? 2024లో స్పెయిన్‌ను 2-1తో గెలిచి వరుసగా రెండో కాంస్యం తెచ్చిన నాడు కూడా ఇదే మాట. రెండు గోల్సూ హర్మన్‌ప్రీత్‌వే, "రెండేగా" అన్నావు.

క్షమించాలి. తమరు.

తమరు వెళ్లిన తర్వాత ఇంకొక సంగతి జరిగింది, దాచడం మర్యాద కాదు. పెదనాన్నగారు చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, 1975 ఫైనల్‌ను తాను రేడియోలో ఎట్లా విన్నారో చెప్పారు. అశోక్ కుమార్ గోల్ కొట్టాడని వ్యాఖ్యాత అరిచిన చోట ఆయన గొంతు కూడా లేచింది. డెబ్బై దాటిన మనిషి గుమ్మంలో నిలబడి, చేతిలో గొడుగును స్టిక్‌లాగా పట్టుకుని, ఆ బంతి ఎటు నుంచి ఎటు వచ్చి ఉంటుందో తాను అప్పుడు ఊహించుకున్నట్టు చూపించారు. మా తమ్ముడు ఫోను జేబులో పెట్టుకుని, "మళ్లీ చూపించండి" అన్నాడు. తమరు రాకపోయి ఉంటే ఈ గొడుగు ఆట మా ఇంట్లో జరిగేది కాదేమో. అంతవరకు తమకు బాకీపడి ఉన్నాను, ఇష్టం లేకుండానే.

ఇట్లు,
ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్న భవదీయుడు

తా.క.: రాత్రి అందరూ పడుకున్న తర్వాత ఆ కాగితం సోఫా కింద దొరికింది. చించేద్దామనే తీశాను. పది పేర్లు నిండి ఉన్నాయి, వాటిలో రెండింటిని కొట్టివేసి సరిచేశాను. గోల్‌కీపర్ గడి ఖాళీగా ఉంది. 1956 మెల్‌బోర్న్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టులో ఆడి, 1964 టోక్యో ఫైనల్‌లో పాకిస్తాన్‌ను సున్నా దగ్గరే ఆపిన శంకర్ లక్ష్మణ్, తలకు హెల్మెట్ అన్నది లేకుండా. డ్రాగ్ ఫ్లిక్‌లు తుపాకీ గుండ్లలా వచ్చే కాలంలో రెండు కాంస్యాలకు కాపలా కాసిన శ్రీజేష్. గంటన్నర అయింది. ఈ ఒక్క గడి విషయంలో తమ అభిప్రాయం ఏమిటో, ఎవరికీ చెప్పకుండా, నాకు ఒక్కడికి తెలియజేయగలరు.