ఆవకాయ ప్యాకెట్ కూడా కాటా మీదే

చిన్న విమానంలో క్యాంపింగ్‌కి తిండీ సామాన్లూ ఎలా సర్దుకోవాలో మీ వ్యాసంలో బాగానే రాశారు కానీ, బరువు సంగతి ఒక్క వాక్యంతో తేల్చేశారు. తంటా అంతా అక్కడే ఉంది.

విశాఖ నుంచి లంబసింగి వెళ్లేటప్పుడు మేం కారు డిక్కీ మూత పడేదాకా కుక్కుతాం. అమెరికాలో ఉండే మా అన్నయ్య కొడుకు ఐడహోలోని జాన్సన్ క్రీక్ గడ్డి రన్‌వేకి విమానంలో క్యాంపింగ్‌కి తీసుకెళ్తానంటే అలాగే సర్దాను. వాడు కాటా పట్టుకొచ్చాడు! మేం వెళ్లే నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172 మోసేది మొత్తం దాదాపు 400 కిలోలు. ట్యాంకు నింపితే పెట్రోలే 145 కిలోల దాకా. ముగ్గురు మనుషులం పోను మిగిలింది 30 కూడా లేదు. పైగా బరువంతా వెనకే పడితే విమానం అదుపులో ఉండదట. "బాబాయ్, కుక్కర్ దించెయ్" అన్నాడు. దించాను, ఏం చేస్తాం.

నీళ్ల క్యాన్ బదులు ఫిల్టర్, బియ్యం బదులు అటుకులు, కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి. రెండు రోజులు హాయిగా గడిచాయి. ఒక్క ఆవకాయ దగ్గరే దెబ్బతిన్నాను. 8,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో ముప్పావు వంతే. ఆ విమానాల్లో ఒత్తిడి సర్దే ఏర్పాటు ఉండదు. ప్యాకెట్ బూరెలా ఉబ్బి, అతుకు ఊడి, నూనంతా స్లీపింగ్ బ్యాగ్ పాలు. మూడు ఉతుకులయ్యాయి, ఇంకా ఆవపిండి వాసనే.