ముప్పై గ్రాముల ముచ్చట

పిల్లల ఉదయపు ఫలహారం అమ్మే రంగురంగుల అట్టపెట్టె పక్కభాగాన, ఎవరి కంటా పడకూడదన్న పట్టుదలతో అచ్చువేసినట్టుండే చిన్న అక్షరాలలో, ‘ఒక వడ్డన: 30 గ్రాములు’ అని ఒక మాట ఉంటుంది. సమకాలీన భారతీయ కాల్పనిక సాహిత్యంలో దీనికి సాటి రాగల వాక్యం మరొకటి ఉందని నేను అనుకోను. ఇందులోని కథానాయకుడు చాక్లెట్ పూసిన గోధుమ చిప్పలను సరిగ్గా 30 గ్రాములు తిని, మూతి తుడుచుకుని, గిన్నెను తానే కడిగి బోర్లించే ఏడేళ్ల బాలుడు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా అటువంటి బాలుడిని కన్న తల్లి ఎక్కడైనా ఉంటే ఆమెకు ప్రభుత్వం పురస్కారం ఇవ్వాలి.

ఈ 30 గ్రాముల వెనుక ఉన్న గణితం చాలా సులువు. చాక్లెట్ రుచి రకాలలో నూరు గ్రాములకు దాదాపు 30 గ్రాముల చక్కెర ఉండడం వింత కాదు. ఆ అంకెను పెద్దగా వేస్తే కొనేవాడు జడుసుకుంటాడు. కనుక పెట్టెను వడ్డనలుగా ముక్కలు చేస్తే వడ్డనకు తొమ్మిది గ్రాములే మిగులుతుంది, చూపు తిప్పుకునేలోగా చక్కెర మాయమవుతుంది. ఇంట్లో మాత్రం పిల్లవాడు గిన్నె నిండా ఒకసారి, పాలు మిగిలాయని మరొకసారి వేయించుకుంటాడు గనుక, చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన నాలుగైదు చెంచాల చక్కెర బడిగంట కొట్టకముందే కడుపులో చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం ఇటువంటి చక్కెర ఎదిగిన మనిషికే రోజు మొత్తానికి 25 గ్రాములు మించకపోతే మేలు.

అయినా చట్టాన్ని గౌరవించే పౌరులుగా మనం ఆ 30 గ్రాములను నిజంగానే కొలిచి పెట్టాలని నా మనవి. దానికి వంటింటి గరిట పనికిరాదు. వీధి చివర దుకాణం నుంచి నగలు చేసే ఆచారి గారిని ఉదయం ఏడింటికల్లా పిలిపించాలి. ఆయన గాజు పెట్టెలోని త్రాసుతో, పట్టకారుతో, కంటికి తగిలించుకునే భూతద్దంతో వచ్చి వంటగట్టు మీద పద్మాసనం వేసుకుంటారు. భూతద్దం మరీ అవసరం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాలలో చిట్టచివరిది, లేబుల్ చదివి తినమనేదే గనుక, ఆ లేబుల్‌ను చదవగల సాధనం కాలనీ మొత్తానికి ఆయన దగ్గర ఒక్కటే ఉంది.

ఆచారి గారు ఒక్కొక్క చిప్పనే పట్టకారుతో ఎత్తి త్రాసులో వేస్తారు. 29 గ్రాముల 800 మిల్లీగ్రాముల దగ్గర ముల్లు ఆగగానే ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. “తరుగు తీయమంటారా అమ్మా, గిన్నెకు అంటుకునే పొడి ఉంటుంది కదా?” అని ఆయన ధర్మసందేహం వెలిబుచ్చుతారు. నాయనమ్మ మనసు కరిగి, “పసివాడు ఆచారి గారూ, గుప్పెడు ఎక్కువ వేయండి, పుణ్యముంటుంది” అంటుంది. ఆయన రెండు చెవులూ మూసుకుని, “అంత మాట అనకండమ్మా! గుప్పెడు ఎక్కువ వేస్తే ఇది రెండో వడ్డన కిందికి వస్తుంది. అప్పుడు పెట్టె మీద వేసిన చక్కెర లెక్క అబద్ధమవుతుంది. అంతటి పెద్ద కంపెనీవారిని అబద్ధాలకోరులను చేసిన పాపం నాకు వద్దు” అంటారు. రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెదనాన్న గారు పంచనామా రాస్తారు, నాన్న సాక్షి సంతకం చేస్తాడు. ఇక పాలు పోయాలి. పెట్టె మీది పట్టికలో లెక్క కట్టింది వెన్న తీసిన పాలతో గనుక, గేదె పాలు పోసే ఇంట్లో పట్టిక చెల్లదని ఆచారి గారు అభ్యంతరం చెబుతారు. వెన్న తీసిన పాల కోసం చిన్నాన్న బండి మీద బయలుదేరతాడు. ఆయన తిరిగి వచ్చేలోగా బడి బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోతుంది. పిల్లవాడు వంటింటి గుమ్మంలో కూర్చుని నిన్నటి ఇడ్లీ ఒకటి కారప్పొడితో తినేస్తూ ఉంటాడు.

ఇంత శ్రమ ఎందుకు, పెట్టె ముందువైపే పెద్ద అక్షరాలలో చక్కెర లెక్క వేయరాదా అని అడిగేవారు వ్యాపార మర్యాద తెలియనివారు. పెట్టె ముందుభాగంలో విటమిన్లకు, ఇనుముకు, నవ్వే జంతువులకు స్థలం కేటాయించగా చక్కెరకు చోటు మిగలలేదు. వెనుక ఉన్నదాన్ని పైకి చదివినా మర్యాద కాదు. 2023 ఏప్రిల్‌లో ఒక యువకుడు బోర్న్‌విటాలో చక్కెర ఎక్కువని వీడియో చేయగా, అది అశాస్త్రీయమని కంపెనీ లాయరు నోటీసు పంపింది, అతడు వీడియో తీసివేశాడు. ఆ ఏడాది చివరకు అదే పొడిలో కలిపిన చక్కెర నూరు గ్రాములకు 37.4 గ్రాముల నుంచి 32.2 గ్రాములకు దిగింది. కాకతాళీయమై ఉంటుంది. మరుసటి ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే పదార్థమే లేదని గుర్తుచేసి, ఆన్‌లైన్ అంగళ్లలో ఆ అర నుంచి ఇటువంటి డబ్బాలను దించమంది. చట్టంలో లేని ఆరోగ్యాన్ని మూడు తరాలు పాలలో కలుపుకుని తాగాయన్నమాట.

ఆ డబ్బాలు ఎవరింటికి వెళ్లాయో మాట్లాడుకుందాం. కొనగలిగినవారి పిల్లలు నాలుగు చెంచాలు ఎక్కువ తిన్నా వారికి ఈత కొలనుంది, దంత వైద్యుడున్నాడు. నా కళ్ల ముందు కనబడేది కూలి డబ్బులలోంచి పాలకు, బియ్యానికి తీసి, మిగిలినదానితో చిన్న పొట్లం కొనుక్కుని, తన బిడ్డ పొడుగవుతాడని నమ్మి నీళ్లలాంటి పాలలో కలిపి పట్టే తల్లి. ‘పొడుగు, బలం, చురుకు’ అని హార్లిక్స్ చేసిన ప్రకటన ఒకటి బంగ్లాదేశ్ కోసం తీసింది పొరపాటున బ్రిటన్‌లో ప్రసారమైతే, రుజువు లేదని 2008లో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఆపించింది. పొరపాటు ఏమిటో గమనించారా? అబద్ధం చెప్పడం పొరపాటు కాదట, నిలదీసేవాళ్లు ఉన్న ఊళ్లో చెప్పడం పొరపాటు!

పాలు మరిచే పసికందుల దాకా వచ్చాక నాకు వ్యంగ్యం చేతకాదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన ‘పబ్లిక్ ఐ’ సంస్థ పరీక్షలు చేయించి, మన దేశంలో నెస్లే కంపెనీ అమ్మే పసిపిల్లల ఆహారం సెరిలాక్‌లో వడ్డనకు సగటున దాదాపు మూడు గ్రాముల చక్కెర కలుపుతున్నారని, ఐరోపాలో అదే కంపెనీ అటువంటి ఆహారాన్ని చక్కెర కలపకుండా అమ్ముతోందని బయటపెట్టింది. ఇక్కడి నిబంధనలకు లోబడే కలిపామని కంపెనీ జవాబిచ్చింది. నిబంధన ఒప్పుకుంటే ఆరు నెలల బిడ్డ నాలుకకు తీపి మప్పవచ్చునా? జెనీవాలో పుట్టిన బిడ్డకు వద్దన్నది జనగామలో పుట్టిన బిడ్డకు ఎలా సరిపోయింది? రెండు కడుపులకు రెండు ధర్మాలు రాసిన ఆ చేతులు ఏ దేవుడికి మొక్కుతాయి? అల్లరి జరిగిన ఆరు నెలలకు, శుద్ధి చేసిన చక్కెర లేని రకాలు తెస్తున్నామని అదే కంపెనీ ప్రకటించింది. అంటే చేతనవుతుంది. ఇన్నేళ్లూ చేతనయ్యే ఉంది.

మన పాత పలహారాలన్నీ అమృతాలేనని వాదించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నూనెలో మునిగి తేలిన పూరీ పరమపవిత్రమేమీ కాదు, ఉగ్గానితో వచ్చే బజ్జీ విచారణ విడిగా జరగాలి, రాగి జావలో బెల్లం గుమ్మరించే అమ్మమ్మలు కూడా నిందితులే. కానీ పెసరట్టుకు, పెరుగు కలిపి ఉల్లిపాయ నంజుకునే చద్దన్నానికి, జొన్న గటకకు, ఉడికించిన గుడ్డుకు ఏవి కలిసాయో చూసేందుకు భూతద్దం అక్కర్లేదు, అందులో ఉన్నది తినేవాడికి కనబడుతూనే ఉంటుంది. సమయం లేదని వాపోయేవారికి ఒక్కటే విన్నపం: రాత్రి రుబ్బిన పిండి రిఫ్రిజిరేటర్‌లో ఉన్న ఇంట్లో అట్టు పోయడానికి పట్టే సమయం, పెట్టె లోపలి బొమ్మ కోసం అన్నాచెల్లెళ్లు కొట్టుకునే సమయంకన్నా తక్కువే.

ఇక ప్రభుత్వం సంగతి. చిలీ దేశం 2016 నుంచి చక్కెర మితిమీరిన పెట్టెల మీద నల్లని అష్టభుజి ముద్ర వేయిస్తోంది, అటువంటి పెట్టెల మీద పిల్లలను పిలిచే బొమ్మలు ఉండకూడదంది, దాంతో మొక్కజొన్న అటుకుల పెట్టె మీది ప్రసిద్ధమైన పులి అక్కడ ఉద్యోగం పోగొట్టుకుంది. మనవాళ్లు సున్నిత మనస్కులు. పెట్టె ముందు హెచ్చరిక వేస్తే కంపెనీలు నొచ్చుకుంటాయని, 2022 ముసాయిదాలో ఆహారానికి మార్కులు కట్టి పెట్టె మీద నక్షత్రాలు వేసే పద్ధతి ప్రతిపాదించారు. చక్కెరకు మార్కులు కోసినా పీచుకు, గింజలకు కలుపుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది, ఆ తర్వాత గడువు మరో మూడు నెలలు పెరిగింది. ఈ పద్ధతిలో అన్నిటికన్నా అధ్వాన్నమైన ఆహారానికి కూడా సున్నా రాదు, అర నక్షత్రం వస్తుంది. మూడో వంతు చక్కెర ఉన్న పెట్టె సైతం ఆ అర నక్షత్రాన్ని బంగారు రంగులో అచ్చువేసుకుని, మన పిల్లల ఎత్తుకు సరిగ్గా అందే అరలో కూర్చోవచ్చు.