తక్కువ మూవ్‌ల బ్లాకే మంచి బ్లాకా?

రూబిక్స్ క్యూబ్‌ను వేగంగా సాల్వ్ చేసే పోటీలు అందరికీ తెలుసు. అతి తక్కువ మూవ్‌లతో సాల్వ్ చేసే పోటీ కూడా ఒకటుంది. గంట టైమ్, కాగితం, పెన్ను, మహా అయితే మూడు క్యూబ్‌లు. కంప్యూటర్ సాయం ఉండదు. పోటీ అయ్యాక మాత్రం చాలామంది తమ సొల్యూషన్‌ని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి చూసుకుంటారు. ‘నా 2×2×2 బ్లాక్‌కి ఐదు మూవ్‌లు పట్టాయి, కంప్యూటర్ నాలుగిటితో కట్టేసింది’ అని దిగులు పడతారు. ఆ దిగులు అనవసరం.

2×2×2 బ్లాక్ అంటే ఒక కార్నర్ (మూడు రంగుల మూల ముక్క), దాన్ని ఆనుకుని మూడు ఎడ్జ్‌లు (రెండు రంగుల అంచు ముక్కలు). ఈ నాలుగు ముక్కలు క్యూబ్‌లో 2,53,440 రకాలుగా మాత్రమే ఉండగలవు. కంప్యూటర్ వాటన్నిటికీ ముందే పట్టిక వేసుకుని, అడిగిన వెంటనే జవాబు చెబుతుంది. ఇంకో వరుస చేర్చి 2×2×3 బ్లాక్‌కి వెళితే లెక్క 153 కోట్లు దాటుతుంది. అదీ దానికి పెద్ద పని కాదు. కానీ ఆ పట్టికకు కనిపించేది ఆ ముక్కలే. మిగతా క్యూబ్ ఏమైపోతుందో దానికి పట్టదు.

అనుభవమున్న ఆటగాళ్లు బ్లాక్ కట్టేటప్పుడు గమనించండి. నాలుగు మూవ్‌ల దారి కనిపించినా వెంటనే తిప్పరు. పక్కన ఒక కార్నర్, ఒక ఎడ్జ్ అప్పటికే రంగులు కుదిరి జతగా ఉంటాయి. పొట్టి దారిలో వెళితే చివరి మూవ్‌కి ఆ జత విడిపోతుంది. అందుకే ముందు ఒక్క మూవ్‌తో జతను పక్కకు తప్పించి, తర్వాత బ్లాక్ పూర్తి చేస్తారు. ఇక్కడ ఒక మూవ్ ఎక్కువైనా, 2×2×3 కట్టేటప్పుడు ఆ జత తయారుగా ఉంటుంది. దానితోపాటు, తిరగబడిన, అంటే దిశ తప్పిన ఎడ్జ్‌లు ఎన్ని మిగులుతున్నాయో కూడా చూసుకుంటారు. 2×2×3 తర్వాత ఎడ్జ్‌లను సరిచేయడమే బ్లాకులు కట్టుకుంటూ వెళ్లే లార్స్ పెట్రస్ పద్ధతిలో కీలకమైన మెట్టు మరి.

అసలు క్యూబ్ మొత్తం సాల్వ్ చేయాలంటే కంప్యూటర్ బ్లాకులే కట్టదు. 1981లో గణితవేత్త మోర్విన్ తిసిల్‌త్వైట్ వేరే దారి చూపించాడు. నాలుగు దశలు, ఒక్కో దశ దాటాక వాడదగ్గ మూవ్‌ల రకాలు తగ్గిపోతుంటాయి. ఎలాంటి క్యూబ్ అయినా 52 మూవ్‌లలోపు అయిపోతుంది. 1992లో హెర్బర్ట్ కోసియెంబా దాన్ని రెండు దశలకు కుదించాడు. 4 లక్షల కోట్ల కోట్లకు పైగా ఉన్న స్థితుల్లో దేనికైనా 20 మూవ్‌లు చాలని 2010లో తేలింది. ఇలాంటి సొల్యూషన్ సగంలో ఆపి చూస్తే, ఏదో కుదురుతున్న జాడే కంటికి కనిపించదు.

అలాంటి దారిని మనుషులు నేర్చుకోలేరని అనిపిస్తుంది. కానీ నేర్చుకున్నారు! ఈమధ్య పైస్థాయి ఆటగాళ్లు ఎక్కువగా వాడే డొమినో రిడక్షన్ దాదాపు తిసిల్‌త్వైట్ దశల వరుసే. ముందు ఎడ్జ్‌ల దిశ, తర్వాత కార్నర్ల దిశ, ఆపైన సగం తిప్పుళ్లతోనే (180 డిగ్రీల మూవ్‌లతోనే) ముగించగల స్థితి. పట్టికలు బుర్రలో పట్టవు కాబట్టి, దిశ తప్పిన కార్నర్లు, ఎడ్జ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తెలిసిన కేసులను గుర్తుపడతారు. ముందు నుంచి దారి మూసుకుపోతే స్క్రాంబుల్‌ని (క్యూబ్‌ని కలగాపులగం చేసిన మూవ్‌ల వరుసని) తిరగేసి వెనక నుంచి మొదలుపెడతారు. 2019లో సెబాస్టియానో ట్రోంటో 16 మూవ్‌లతో ముగించాడు. చాలా స్క్రాంబుల్స్‌కి కంప్యూటర్‌కే 17, 18 పడతాయి.

మరి బ్లాకుల కాలం చెల్లిందా? నేనలా అనుకోను. వేగంగా సాల్వ్ చేసే పోటీల్లో వాడే ‘రూ’ (Roux) అనే పద్ధతి నిలబడిందే బ్లాకుల మీద. అక్కడ 15 సెకన్ల పరిశీలనలో మొదటి బ్లాక్ ప్లాన్ చేసుకోవాలి. చేతికి సులువుగా తిరిగే తొమ్మిది మూవ్‌లు, ఇబ్బందిపెట్టే ఏడింటికన్నా మేలు. తక్కువ మూవ్‌ల ఆటలోనూ ముక్కల మధ్య సంబంధం చూసే కన్ను బ్లాకులతోనే అలవడుతుంది. మూడు కార్నర్లు మిగిలినప్పుడు, ఎనిమిది మూవ్‌ల వరుసను సొల్యూషన్ మధ్యలో ఎక్కడ దూరిస్తే పక్క మూవ్‌లతో కలిసి మూడు మూవ్‌లు రద్దయి ఖర్చు ఐదే అవుతుందో కనిపెట్టడానికీ ఆ కన్నే కావాలి.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని అడిగే ప్రశ్న మారాలి. అతి పొట్టి బ్లాక్ ఒక్కటే అడగకుండా, దానికన్నా ఒక మూవ్ ఎక్కువైన బ్లాకులన్నీ చూపించమనండి. ఒక్కొక్కటీ క్యూబ్ మీద తిప్పి, ఏ జత మిగిలింది, ఎన్ని ఎడ్జ్‌లు తిరగబడ్డాయి అని చూడండి. మీరు పోటీలో కట్టిన ఐదు మూవ్‌ల బ్లాక్ కూడా ఆ జాబితాలో ఉండొచ్చు.